పడమటి కర్నూలు వాళ్లారా, ఒక్క వేలిముద్రతో సరిపెడతారా?

తుగ్గలి, మద్దికెర, పత్తికొండ, ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చి దుండిగల్, గండిమైసమ్మ, బహదూర్‌పల్లి, బౌరంపేట చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లందరికీ ఈ విజ్ఞప్తి. కూలి పనులకు సుగ్గికి వచ్చి రేకుల షెడ్లలో ఉన్నవాళ్లకూ, నాలుగు డబ్బులు కూడబెట్టి ఇక్కడే ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకూ. ఊళ్లో ఉండి మీతో రోజూ ఫోన్లో మాట్లాడేవాళ్లకు కూడా.

వచ్చే సోమవారం మేడ్చల్ మల్కాజిగిరి కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఒక అర్జీ పోతోంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాల మోత గురించి. అపార్ట్‌మెంట్ల వాళ్లు సంతకాలు పెట్టి కాగితాలు తెచ్చిచ్చారు. ఇక్కడి పాత ఊరి వాళ్లు కూడా పెట్టారు. పడమటి కర్నూలు వాళ్ల సంతకాలు తెచ్చే పని నాది. తుగ్గలి మండలంలో పుట్టినవాణ్ణి, ఇక్కడ జిరాక్స్ షాపు పెట్టుకున్నవాణ్ణి, అర్జీ టైపు చేసింది కూడా నేనే కాబట్టి నాకు అప్పగించారు. నేను సరేనన్నాను. మన షెడ్ల నుంచి ఇప్పటిదాకా వచ్చింది ఎంతో తెలుసా? ఒకే ఒక్క వేలిముద్ర.

ఆ వేలిముద్ర ఒక జేజిది. కూతురూ అల్లుడూ సెంట్రింగ్ పనికి పోతే, ఏడాది నిండని మనవరాలిని పెట్టుకుని షెడ్డులో ఉంటుంది. విమానం పైనుంచి పోతే పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది. ఎత్తుకుని తిప్పి, జోకొట్టి, చీర ఉయ్యాలలో పడుకోబెట్టేసరికి ఇంకొకటి వస్తుంది. "ఇంగ ఎన్నితూర్లు నిద్ర బుచ్చల్ల నాయనా దీన్ని?" అని అడిగింది నన్ను. నా దగ్గర జవాబు లేదు. ఇంక్ ప్యాడ్ ముందుకు జరిపాను, వేలు పెట్టింది.

శంషాబాద్ విమానానికీ దీనికీ తేడా తెలియని వాళ్లు "విమానమన్నాక మోత ఉండదా" అంటారు. శంషాబాద్‌లో ఎక్కిన విమానం ఢిల్లీకో దుబాయికో పోతుంది, దాని మోత దానితోనే పోతుంది. ఇక్కడ ఎగరడం నేర్చుకునే కుర్రవాడు రన్‌వే మీద నుంచి లేచి, పక్కకు తిరిగి, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వచ్చి, మళ్లీ తిరిగి దిగి, చక్రాలు నేలకు ఆనించి ఆగకుండా మళ్లీ లేస్తాడు. దాన్ని సర్క్యూట్ అంటారు. చేతికి అలవాటు పడేదాకా అదే చుట్టు చుడతాడు. అతని వెనక ఇంకొకడుంటాడు. ఆ చుట్టు కింద ఉన్న ఇల్లు ఎప్పుడూ అదే ఇల్లు, అదే బడి, అదే షెడ్డు. దుండిగల్‌లో ఎక్కువగా తిరిగేది స్విట్జర్లాండ్ తయారీ పిలాటస్ పీసీ-7 మార్క్-2, 2013లో వచ్చిన ప్రొపెల్లర్ విమానం. హకీంపేట వైపు కిరణ్ జెట్లు, వాటి అరుపు వేరు. జూన్‌లో, డిసెంబరులో గ్రాడ్యుయేషన్ పరేడ్ వస్తే సూర్యకిరణ్, సారంగ్ బృందాల విన్యాసాలు, వాటికి ముందు రిహార్సళ్లు. ఆ నాలుగు రోజులు చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. నేను కూడా మేడెక్కి చూస్తాను. మిగతా రోజుల సంగతే నేను చెబుతున్నది. అందులోనూ రాత్రి ఫ్లయింగ్ పెట్టుకున్న రోజుల సంగతి.

ఇప్పుడు చట్టం ఏమంటుందో వినండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం జనం నివసించే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. విమానాశ్రయాల చుట్టూ అది కుదరదని 2018లో వేరే పరిమితులు పెట్టారు. రద్దీ విమానాశ్రయమైతే పగలు 70, రాత్రి 65. మిగతావాటికి పగలు 65, రాత్రి 60. సైనిక విమానాలకు? ఈ పరిమితులు వాటికి వర్తించవు. అంటే శంషాబాద్ పక్కన ఉన్నవాడు "70 దాటింది" అని కాగితం పట్టుకుని అడగొచ్చు. దుండిగల్ పక్కన ఉన్న జేజికి దాటిందని చెప్పుకోవడానికి ఒక అంకె కూడా లేదు.

కొలిచేవాళ్లు కూడా లేరు. హైదరాబాద్‌లో కాలుష్య నియంత్రణ మండలి పది చోట్ల శబ్దం కొలిచే యంత్రాలు పెట్టింది. జీడిమెట్లలో ఉంది, ప్యారడైజ్ దగ్గర ఉంది, జూ దగ్గర ఉంది. దుండిగల్‌లో లేదు. రేపు పోరాడి తెచ్చుకున్నా ఇంకో తిరకాసు ఉంది. రోజంతటి శబ్దాన్ని సగటు కట్టి చూపిస్తారు. విమానం నెత్తిమీద ఉండేది అర నిమిషం, పగలంటే పదహారు గంటలు. సగటులో ఆ అర నిమిషాలు కరిగిపోతాయి. పత్తికొండలో ఏడాది వాన సగటు చూపించి కరువు లేదనే అధికారులను చూసినవాళ్లం మనం. బుడ్డలు ఊడ దిగే వేళ చినుకు పడకపోతే సగటు ఏం చేసుకోవాలో మనకంటే ఎవరికి బాగా తెలుసు? అందుకే అర్జీలో నేను పట్టుబట్టి రాయించాను: సగటు ఒక్కటే చాలదు, ఒక్కో విమానం పోయినప్పుడు శబ్దం ఎంత పైకి పోయిందో, రోజుకు ఎన్నిసార్లు విమానాలు పోయాయో రెండూ రాయాలని.

"దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేరా?" అని ఒక పెద్దమనిషి షాపులో నిలబడి నన్ను గద్దించాడు. ఓర్చుకోవడం మనకు కొత్తా? ఆ కుర్రవాళ్ల మీద మనకేమీ కోపం లేదు. 2023 డిసెంబరు 4న ఈ అకాడమీ నుంచే లేచిన పీసీ-7 తూప్రాన్ దగ్గర కూలి, నేర్పే ఆఫీసరూ నేర్చుకునే క్యాడెట్టూ ఇద్దరూ చనిపోయారు. వాళ్లు ప్రాణం పణంగా పెట్టి నేర్చుకుంటున్నారని తెలుసు. విమానాలు ఆపమని అర్జీలో ఒక్క మాట లేదు. చదువు రాదంటారా, చదివి వినిపిస్తాను రండి.

జపాన్‌లో ఒకినావా దీవి మీద కదెనా అని అమెరికా వైమానిక స్థావరం ఉంది. చుట్టూ ఉన్న జనం 1982లో మొదటిసారి కోర్టుకెక్కినప్పుడు వెయ్యిమంది కూడా లేరు. 2011లో మూడోసారి వేసినప్పుడు దాదాపు 22,000 మంది పేర్లిచ్చారు. 2017లో తీర్పు వచ్చింది: మూడు వేల కోట్ల యెన్‌లకు పైగా పరిహారం. విమానాలు ఆపమని మాత్రం కోర్టు చెప్పలేదు. అక్కడి ప్రభుత్వం స్థావరాల చుట్టూ ఉన్న ఇళ్లకు శబ్దం లోపలికి రాకుండా కిటికీలు, కప్పులు బాగుచేయడానికి డబ్బిస్తుంది, 1974 నుంచి దానికి చట్టమే ఉంది. విమానాలూ ఎగురుతున్నాయి, జనమూ అడుగుతున్నారు. వెయ్యి లోపు నుంచి ఇరవై రెండు వేలకు పోయారు వాళ్లు. మనం ఒక్క వేలిముద్ర దగ్గర ఉన్నాం.

ఇంకో మాట వస్తుంది. "అకాడమీ ముందొచ్చింది, మీరు తర్వాత వచ్చారు. తెలిసే వచ్చారుగా?" నిజమే, అకాడమీ 1971 నాటికే ఉంది, అప్పుడు ఇక్కడ చేలు, తుప్పలు. ఈ మాట ఫ్లాటు కొన్నవాడిని అడగండి, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చినవాడిని అడగండి. రేకుల షెడ్డులో ఉన్న జేజి ప్లాటు కొనలేదు. మేస్త్రీ డీసీఎంలో ఎక్కించుకుని వచ్చి ఎక్కడ దించితే అక్కడ దిగింది. పక్కా స్లాబు కింద, అద్దాల కిటికీ మూసుకుని ఏసీ వేసుకున్నవాడికి వినిపించే మోత వేరు. పల్చని రేకు కింద, తలుపు బదులు గోనె పట్టా వేలాడదీసుకున్నవాళ్లకు వినిపించే మోత వేరు. మరి సంతకాలు ఎవరివి ఎక్కువున్నాయి? అద్దాల కిటికీల వాళ్లవి. ఇది చూసి కలెక్టర్ ఏమనుకుంటారు? ఫ్లాట్ల రేటు తగ్గుతుందని భయపడి రాశారనుకుంటారు. అలా అనుకుంటే తప్పు ఆయనది కాదు, మనది.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. జర్మనీలో మ్యూనిక్ నగరపు విమానాశ్రయాన్ని 1992లో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చారు. పరిశోధకులు రెండు చోట్లా ఉన్న బడిపిల్లలను ముందూ తర్వాతా పరీక్షించారు. పాత విమానాశ్రయం పక్కన చదవడంలో, గుర్తుపెట్టుకోవడంలో వెనకబడి ఉన్న పిల్లలు అది మూతపడ్డాక రెండేళ్లలోపే కోలుకున్నారు. కొత్తది తెరిచిన చోట, అంతకుముందు బాగా చదివే పిల్లలు వెనకబడ్డారు. పిల్లల బుర్రలో లోపం లేదు, నెత్తిమీద మోత ఉంది. "మావాడికి చదువు ఎక్కదులే" అని పదేళ్ల పిల్లవాడి చేతికి ఇసుక తట్ట ఇచ్చే తండ్రులు ఇది విని కాసేపు ఆలోచించాలి. ఊళ్లో సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడతారు. అక్కడ వదిలిరాగలిగినవాళ్లు వదిలి రండి అని ఎప్పటినుంచో చెబుతున్నాను. పాలు తాగే పిల్లను ఏ హాస్టల్లో వదులుతారు? బడి ఈడు పిల్లలు ఇక్కడి సర్కారు బడికి పోతే, విమానం వచ్చినప్పుడల్లా టీచరు పాఠం ఆపుతుంది, పోయాక మొదలుపెడుతుంది. ఎక్కడ ఆపిందో ఆమెకే గుర్తుండదు.

అర్జీలో అడిగింది పెద్ద కోరికలేమీ కావు. నెలరోజులు యంత్రం పెట్టి కొలవండి, ఆ యంత్రం అపార్ట్‌మెంటు మేడ మీద కాదు, షెడ్ల మధ్య పెట్టండి. రాత్రి ఫ్లయింగ్ ఏ రోజుల్లో ఉంటుందో ముందుగా చెప్పండి, రక్షణ రహస్యాలేమీ అక్కర్లేదు, మంగళవారమా బుధవారమా అన్నది చాలు. బడికీ అంగన్‌వాడీకీ కప్పు కింద సీలింగు వేయండి. షెడ్ల సంగతికి వస్తే అది మనం దేహీ అని అడిగేది కాదు. భవన నిర్మాణ కార్మికులకు పని ఉన్నన్నాళ్లూ ఉచితంగా వసతి ఇవ్వాలని, యాభై మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల కోసం గది పెట్టాలని 1996లోనే చట్టంలో రాశారు. కట్టే ప్రతి బిల్డింగు మీద కార్మికుల సంక్షేమానికని సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు మన చెమట మీద వచ్చిందే. నాలుగు రేకులు కొట్టి చేతులు దులుపుకోవడాన్ని వసతి అనరు.

మీరు సంతకం ఎందుకు పెట్టలేదో నాకు చెప్పిన కారణాలన్నీ విన్నాను. మేస్త్రీ కోప్పడతాడని. మిలిటరీ వాళ్లు పట్టుకుపోతారని. ఆధార్‌లో అడ్రసు తుగ్గలిది, ఇక్కడ చెల్లదని. ఉగాదికి ఎట్లా ఊరికి పోతాం కదా అని. ప్రజావాణిలో అర్జీ ఎవరైనా ఇవ్వొచ్చు, ఓటు ఇక్కడ ఉండాలని ఎవరూ అడగరు. అర్జీ ఇచ్చినందుకు ఎవరినీ ఎవరూ పట్టుకుపోరు. మేస్త్రీ పేరు గానీ బిల్డరు పేరు గానీ అందులో లేదు. ఇక ఉగాదికి పోతారన్నది నిజమే. మళ్లీ దసరా దాటాక రారా? వానలు పడి, జొన్నగిరి చేలల్లో మీకొక వజ్రం దొరికితే తప్ప మళ్లీ వచ్చేది ఇక్కడికే. మీరు కాకపోతే మీ తమ్ముడు వస్తాడు, ఈ రేకు కిందే పడుకుంటాడు.

ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఫ్లాట్లు కొన్న అన్నలకు ఒక మాట. మీరు సంతకం పెట్టారు, సంతోషం. మీ గోడలకు ఇటుక మోసినవాళ్లు మీ ఊరి పక్క ఊళ్ల వాళ్లే, మీ గేటుకు రెండు వందల గజాల్లో ఉన్నారు. ఒక్కసారి వెళ్లి "నేను ఆదోనోణ్ణి, మీదే ఊరు?" అని అడగలేదు మీలో ఒక్కరు కూడా. అడిగి ఉంటే నా చేతిలో ఒక్క వేలిముద్ర ఉండేది కాదు. తుగ్గలిలో, పత్తికొండలో ఉన్న టీచర్లూ, సర్పంచులూ, మీ ఊరి నుంచి ఎవరెవరు దుండిగల్ వైపు వచ్చారో మీకు తెలుసు. ఓట్ల రోజున బస్సు ఏర్పాటు చేసి పిలిపించుకుంటారు కదా, ఈ ఒక్క ఫోను చేయలేరా?

సాయంత్రం ఆరు తర్వాత, పని దిగి కాళ్లు చేతులు కడుక్కున్నాక, షెడ్ల దగ్గరకు నేనే వస్తున్నాను. ఒక్కో వరుసలో ఒకరు లాంతరో ఫోను లైటో పట్టుకుని నిలబడితే చాలు. కాగితం చదివి వినిపిస్తాను, నచ్చని వాక్యం ఉంటే కొట్టేయించండి. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర, పక్కన ఊరి పేరు తప్పకుండా రాయించండి. ఆడవాళ్లు మొగుణ్ణి అడిగి చెబుతామనవద్దు, పగలంతా పిల్లతో షెడ్డులో ఉండేది మీరు. నేను షెడ్డుకు రావడానికి మేస్త్రీ ఒప్పుకోకపోతే ఆదివారం గండిమైసమ్మ బజారుకు ఎట్లాగూ వస్తారు, చౌరస్తా దగ్గర షాపు తెరిచే ఉంటుంది. సోమవారం పొద్దున కలెక్టరేట్‌కు పోయే ఆటోలో ఇద్దరికి చోటుంది. ఒకటి జేజికి, పిల్లను ఒళ్లో పెట్టుకుని వస్తానంది. రెండోది ఇంకా ఖాళీ.