ముక్కు మనవైపు తిరిగితే...

రేడియో కంట్రోల్ హెలికాప్టర్ నేర్చుకుంటున్నానని చెప్తే నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండే. ఒకటి, "ఎంతయిందేంటి?" రెండోది, "ఆ డబ్బులతో డ్రోన్ కొనుక్కోవచ్చుగా?" మొదటిదానికి జవాబు మా ఇంట్లోనే పూర్తిగా చెప్పలేదు కాబట్టి ఇక్కడా చెప్పను :) రెండోదాని గురించే ఈ గోలంతా.

డ్రోన్ల మీద నాకు కోపమేమీ లేదు. నాలుగు రోటర్లు, లోపల సెన్సార్లు, జీపీఎస్. స్టిక్కుల మీంచి చేతులు తీసేస్తే ఉన్నచోటే బుద్ధిగా నిలబడుతుంది. పొద్దున కొంటే సాయంత్రానికి పెళ్ళి వీడియో తీసేయొచ్చు. కెమెరాని పైకి మోసే పనికి అంతకన్నా మంచిది లేదు. కానీ అక్కడ ఎగరేస్తున్నది మనం కాదు, దానిలోని సాఫ్ట్‌వేర్. మనం ఎటు వెళ్ళాలో చెప్తున్నామంతే.

హెలికాప్టర్ సంగతి వేరు. నేను చెప్పేది షాపుల్లో దొరికే రెండంతస్తుల రోటర్ బొమ్మ గురించి కాదు, కలెక్టివ్ పిచ్ హెలికాప్టర్ గురించి. ఇందులో రోటర్ వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, మారేది రెక్కల కోణం. స్వాష్‌ప్లేట్ అనే పళ్ళెం లాంటి భాగాన్ని మూడు సర్వోలు పట్టుకుని ఉంటాయి. మూడూ కలిసి కదిలితే పైకీ కిందకీ, తేడాగా కదిలితే ముందుకీ పక్కకీ. వినడానికి తేలికే. తంటా ఎక్కడంటే, ఇందులో ఏదీ విడిగా ఉండదు. పైకి లేపితే టార్క్ పెరిగి తోక తిరగబోతుంది (జైరో ఆపుతుంది, పాపం). పక్కకి వంచితే లిఫ్ట్ తగ్గి కిందకి జారుతుంది. రోటర్ సవ్యదిశలో తిరిగే మోడల్ అయితే, గాల్లో కదలకుండా నిలబడాలన్నా కాస్త కుడికి ఒరిగే ఉండాలి, ఎందుకంటే తోక రోటర్ దాన్ని ఎడమకి నెడుతూ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, అన్నీ గ్లోబల్ వేరియబుల్స్‌తో రాసిన పాత కోడన్నమాట. ఒకటి ముట్టుకుంటే ఇంకో మూడు కదుల్తాయి.

ఇదంతా తోక మనవైపు ఉన్నప్పటి కథ. దాని కుడీ మన కుడీ ఒకటే కాబట్టి కొన్ని వారాల్లో చేతికి వచ్చేస్తుంది. అసలు పరీక్ష ముక్కు మనవైపు తిరిగినప్పుడు. కుడి ఎడమవుతుంది, ముందు వెనకవుతుంది. చిట్కా ఒకటుంది: ఏ పక్కకి ఒరుగుతూ కనిపిస్తే ఆ పక్కకే స్టిక్ తోయాలి, పడిపోతున్న గోడకి కర్ర ఆసరా పెట్టినట్టు. కానీ చిట్కా గుర్తు తెచ్చుకునేలోపే అది నేల మీద ఉంటుంది. బుర్రలో ఉన్నది చాలదు, వేళ్ళలోకి దిగాలి. నేర్చుకోవడం మానేసేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు.

ఇప్పుడు వచ్చే కంట్రోలర్లలో దీనికీ మందుంది. ఒక స్విచ్ వేస్తే దానంతటదే సమంగా నిలబడుతుంది, ఇంకో రకమైతే తలకిందులుగా ఉన్నా తిప్పి పైకి లేపుతుంది. వద్దనను. సీటుబెల్టు ఎవరు వద్దంటారు? కానీ మొదటినుంచీ ఆ స్విచ్ వేసుకునే నేర్చుకోవడం మాత్రం తప్పని నా అభిప్రాయం. కారణం ఉంది. ఆ మోడ్‌లో స్టిక్ చెప్పేది కోణం, వదిలేస్తే మళ్ళీ సమానమైపోతుంది. మామూలు మోడ్‌లో స్టిక్ చెప్పేది ఎంత వేగంగా వంగాలో. వదిలేస్తే వంగినది వంగినట్టే ఉంటుంది, సరిచేయాల్సింది మనమే. రెండూ వేరు వేరు అలవాట్లు. మొదటిది ఎంత సాధన చేసినా రెండోది రాదు.

ఇంకో మాట. గాల్లో మోటార్ ఆగిపోతే ఆ స్విచ్ పైకి లేపలేదు, లేపడానికి పవర్ ఉండాలిగా! అప్పుడు ఉన్న దారి ఆటోరొటేషన్ ఒక్కటే. కలెక్టివ్ దించేసి, కిందకి పడుతున్నప్పుడు తగిలే గాలితోనే రెక్కలు తిరిగేలా చూసుకుని, నేల దగ్గర పడ్డాక ఆ మిగిలిన వేగాన్ని వాడి మెల్లగా దించాలి. ఒకటే అవకాశం. అది చేతికి వచ్చి ఉండాల్సిందే.

ఇక్కడే నాకు మన ఉద్యోగాలు గుర్తొస్తాయి. ఇవాళ కోడ్ రాయడానికి ఏఐ టూల్స్ ఉన్నాయి, నేనూ రోజూ వాడతాను. తోక మనవైపు ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయి, ఆ టూల్ ఒకే తప్పుడు సలహాని మూడు రకాలుగా చెప్తున్నప్పుడు ముక్కు మనవైపు తిరిగినట్టు లెక్క. "అయితే అందరం అసెంబ్లీలో రాయాలా?" అంటారేమో. అక్కర్లేదు. నేనడిగేది ఒక్కటే, టూల్ చేతులెత్తేసినప్పుడు పట్టుకునేవాడు టీంలో ఉన్నాడా లేడా? కొత్తగా చేరిన పిల్లలకి ఒక్క బగ్‌నైనా మొదట్నుంచీ చివరిదాకా సొంతంగా వెతికే టైమివ్వకపోతే, ఐదేళ్ళ తర్వాత ఆ పట్టుకునేవాడు ఎక్కణ్ణించి వస్తాడు?

సరే, ఇది చదివి ఎవరికైనా సరదా పుడితే నాలుగు ముక్కలు. ముందు సిమ్యులేటర్ కొనండి, హెలీ-ఎక్స్, రియల్‌ఫ్లైట్ లాంటివి ఉన్నాయి. రోజూ అరగంట, కొన్ని నెలలు. అక్కడ ఎన్నిసార్లు కూలినా పైసా ఖర్చు లేదు. తర్వాత చిన్న మోడల్.

అపార్ట్‌మెంట్ పార్కులో మాత్రం వద్దు. 450 సైజు అంటే చిన్నదే అనిపిస్తుంది, రోటర్ వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2800 సార్లు తిరిగితే రెక్క కొస వేగం ఎంతో లెక్క కట్టండి, గంటకి 370 కిలోమీటర్లు! 2013 సెప్టెంబర్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో 19 ఏళ్ళ కుర్రాడు, అదీ బాగా అనుభవమున్నవాడు, ఇంతకన్నా పెద్ద మోడల్ తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. ఇది బొమ్మ కాదు.

అలాగే మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ వచ్చాయి, ఎగరేసే ముందు ఆ చోటు ఏ జోన్‌లో ఉందో మ్యాప్ చూసుకోవాలి. హైదరాబాద్ వాళ్ళు మరీనూ. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్, ఎటు చూసినా రన్‌వేలే.

చెప్పొచ్చేదేంటంటే, వీడియో కావాలంటే డ్రోన్ కొనుక్కోండి. అన్నీ వాటంతటవే జరిగిపోతున్న ఈ రోజుల్లో, చేత్తో చేస్తే తప్ప రాని విద్య ఒక్కటైనా దగ్గరుంచుకోవాలనుకుంటే హెలికాప్టర్ నేర్చుకోండి. హెలికాప్టరే కానక్కర్లేదు, వీణైనా పర్లేదు. స్విచ్ మాత్రం ఉండకూడదు. మీరేమంటారు?