సీటు సరే, మంచమో?

పీహెచ్‌డీలో సీటు వచ్చిందని చెప్పే కాగితంలో ఒక్క సంగతి మాత్రం ఎక్కడా తడబాటు లేకుండా ఉంటుంది. ఫలానా తేదీలోగా ఫీజు కట్టాలి, కట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివారికి పోతుంది. మిగతా రెండు సంగతుల మీద ఆ కాగితం నోరు మెదపదు. నెలనెలా చేతికి డబ్బు వస్తుందా, వస్తే ఏ నెల నుంచి అన్నది ఒకటి. చేరిన రోజు రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది రెండోది. హాస్టల్ గురించి రాస్తే గీస్తే 'ఖాళీలను బట్టి' అని ఓ ముక్క ఉంటుంది. ఐదారేళ్లు పట్టే చదువుకు పాతికేళ్ల మనిషి సరేననాల్సింది ఆ ముక్కను నమ్ముకునే. డబ్బు వ్యవహారం అకౌంట్స్ సెక్షన్‌ది, వసతి వ్యవహారం చీఫ్ వార్డెన్‌ది అని యూనివర్సిటీలు ఈ రెండింటినీ వేరువేరు గదుల్లో పెట్టుకున్నాయి. చేరాలా వద్దా అని ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకునే స్కాలర్‌కు మాత్రం రెండూ ఒకటే ప్రశ్న. హాస్టల్ మంచం కూడా ఫెలోషిప్పే, చాలామందికి అసలు ఫెలోషిప్ అదే అన్నది నా వాదన. కాబట్టి ఎంత డబ్బు, ఎన్నాళ్లు, మంచం ఉందా లేదా అన్నవి ఒకే కాగితం మీద, ఫీజు గడువుకు ముందే రాసివ్వాలి.

లెక్కల్లోకే వెళదాం. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుంచి లెక్కగట్టి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000 ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరినవారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. దాన్నీ ఎత్తేయాలని 2015 అక్టోబర్‌లో యూజీసీ నిర్ణయిస్తే ఢిల్లీలో విద్యార్థులు ఆ కార్యాలయం ముందే బైఠాయించారు, ఆ నిర్ణయం అమలు కాలేదు. ఫెలోషిప్ నిలబడింది గానీ అంకె కదల్లేదు. 2015లో జేఆర్‌ఎఫ్ 25,000 ఉన్నప్పుడూ ఇది 8,000, 2023లో అది 37,000 అయినప్పుడూ ఇది 8,000. మూడో వంతు దగ్గర ఉన్నది పావు వంతుకూ తక్కువైంది. ఇందులో అందరికీ కనిపించని మెలిక ఇంకొకటి ఉంది. హాస్టల్ దొరకని జేఆర్‌ఎఫ్ స్కాలర్‌కు ఇంటి అద్దె భత్యం విడిగా వస్తుంది. హైదరాబాద్ లాంటి పెద్ద నగరానికి 24 శాతం అనే పాత, తక్కువ రేటు వేసుకున్నా అది 8,880 రూపాయలు. అంటే ఒకరి అద్దె భత్యం ఇంకొకరి మొత్తం ఫెలోషిప్ కంటే ఎక్కువ. ఆ రెండో మనిషికి అద్దె భత్యం ఊసే లేదు. డబ్బున్నచోట ఇంటికీ డబ్బుంది, డబ్బు లేనిచోట మంచం ఒక్కటే దిక్కు. అలాంటప్పుడు మంచం దొరకడాన్ని అదృష్టానికి వదిలేస్తే ఫెలోషిప్పునే అదృష్టానికి వదిలేసినట్టు.

ఇదంతా సెంట్రల్ యూనివర్సిటీల మాట. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ 8,000 కూడా వర్తించవు. జేఆర్‌ఎఫో, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఉన్న జాతీయ ఫెలోషిప్పో చేతిలో లేకపోతే అక్కడి స్కాలర్‌కు విశ్వవిద్యాలయం ఇచ్చేది గైడ్, లైబ్రరీ కార్డు, దొరికితే హాస్టల్ గది. మైనారిటీ విద్యార్థులకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబర్‌లో లోక్‌సభలోనే చెప్పేసింది. పీహెచ్‌డీ పేరుతో హాస్టల్లో చేరి గ్రూప్స్‌కు చదువుకుంటారు, నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి గది ఖాళీ చేయరు అని ఉస్మానియా మీద ఒక నింద ఎప్పుడూ ఉంది. నింద పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట అనేవాళ్లు అందులోని సాక్ష్యాన్ని చూడరు. మనిషి పరిశోధన కోసం మంచం వెతుక్కోవడం పోయి మంచం కోసం పరిశోధనలో చేరుతున్నాడంటే, ఈ నగరంలో ఆ మంచం విలువ ఎంతో చెప్పడానికి ఇంకే సర్వే అక్కర్లేదు. రిజిస్టర్‌లో ఉన్నవారికి, పక్కన నాన్-బోర్డర్లుగా సర్దుకుంటున్నవారికి కలిపి గదులు ఇరుకైపోతే, కొత్తగా చేరిన అమ్మాయికో అబ్బాయికో 'ఖాళీలను బట్టి' అనే జవాబే మిగులుతుంది.

డబ్బు మంజూరైనంత మాత్రాన అది చేతికొచ్చినట్టు కాదు. యూజీసీ ఫెలోషిప్ నేరుగా స్కాలర్ బ్యాంకు ఖాతాలో పడుతుంది, నిజమే. అయితే ఫలానా స్కాలర్ పని చేస్తున్నారని విశ్వవిద్యాలయం నెలనెలా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. ఒక ఉద్యోగి ఎక్కించాలి, ఇంకొక అధికారి సరిచూసి పంపాలి. ఎవరైనా సెలవులో ఉన్నా, చేరిక పత్రాల్లో ఒకటి తక్కువైనా ఆ నెల జారిపోతుంది. తర్వాత బకాయిలన్నీ కలిపి ఒకేసారి వస్తాయి. ఆలస్యమే కదా, చివరికి వస్తుంది కదా అనిపిస్తుంది, నెల జీతం తప్పకుండా అందుకునేవాళ్లకు. మెస్ బిల్లు, అద్దె మాత్రం బకాయిలు వచ్చేదాకా ఆగవు. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు తనకు రావాల్సి ఉందని రాశాడు. ఒక మిత్రుడికి బాకీ ఉన్న 40 వేల దాకా డబ్బును అందులోంచి తీర్చమని కోరాడు. అప్పటికి అతన్ని, మరో నలుగురిని హాస్టళ్ల నుంచి బయటికి పంపారు. క్యాంపస్‌లోనే గుడారం వేసుకుని, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకుని వాళ్లు పడుకున్నారు. ఆ మరణానికి ఫెలోషిప్పే కారణమని నేను అనడం లేదు, ఆ చర్చ వేరు, పెద్దది. ఫెలోషిప్ ఆగిన నెలల్లో పరిశోధనకు డబ్బు పెడుతున్నది ఎవరో మాత్రం ఆ ఉత్తరం చెబుతుంది. యూజీసీ కాదు, స్నేహితులు.

ఇక అద్దె ఇల్లు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టినప్పుడు గచ్చిబౌలి ఊరి చివర. ఇప్పుడు దాని చుట్టూ ఉన్నవి ఐటీ కంపెనీలు, ఆ కంపెనీల జీతాలకు తగ్గ అద్దెలు. క్యాంపస్‌ను ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను ప్రభుత్వం వేలానికి పెట్టబోతే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. ప్రభుత్వాలే కన్నేసేంత ధర పలికే నేల పక్కన 8,000 వచ్చే స్కాలర్ గది వెతుక్కోవాలి. గోపన్‌పల్లి, నల్లగండ్ల, లింగంపల్లి వైపు వెళ్లినా, ఉస్మానియా అయితే తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్‌లలో తిరిగినా ముందు రెండు నెలల అడ్వాన్స్ అడుగుతారు. ఆ తర్వాత బ్యాచిలర్లకు ఇవ్వమంటారు, మీరేమిట్లు అంటారు. పీహెచ్‌డీ అంటే జీతం ఉందా లేదా అని ఇంటావిడ అడిగే ప్రశ్నకు చాలామంది దగ్గర సూటి సమాధానం ఉండదు. మిగిలేది ప్రైవేటు హాస్టల్లో త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. నెలకు 20,000 దాటని హాస్టల్ అద్దెకు, 90 రోజులకు తగ్గకుండా ఉంటే, జీఎస్టీ అక్కర్లేదని 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ ఊరట ఇచ్చింది. ఆ గీత ఏ ఎత్తున గీశారో చూస్తే, గీసినవారి మనసులో ఉన్నది ఈ స్కాలర్ కాదని అర్థమవుతుంది.

వీటికి తోడు క్యాలెండర్. పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ స్కోరునే తీసుకోవచ్చని 2024లో యూజీసీ చెప్పింది. ఆ ఏడాది జూన్ 18న జరిగిన పరీక్షను మర్నాడే రద్దు చేశారు. మళ్లీ పెట్టింది ఆగస్టు, సెప్టెంబర్‌లలో, ఫలితాలు అక్టోబర్‌లో. ఎంఏ అయిపోయి జూన్‌లో హాస్టల్ ఖాళీ చేసిన విద్యార్థి అన్నాళ్లు ఏ ఊళ్లో ఉండాలి? ఊరికి వెళ్లిపోతే ఇంటర్వ్యూకు రావాలి, ఉండిపోతే అద్దె కట్టాలి. ఒక పరీక్ష వాయిదా పడితే దాని ఖర్చు పరీక్ష పెట్టినవారి ఖాతాలో పడదు.

నా ప్రతిపాదనకు మొదట వచ్చే అభ్యంతరం, డబ్బు యూజీసీది, మంత్రిత్వ శాఖలది, విశ్వవిద్యాలయం ఎలా మాట ఇస్తుందని. సబబైన అభ్యంతరమే. అమెరికా విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ఆఫర్ లెటర్‌లో స్టైపెండ్ ఎంత, ట్యూషన్ మాఫీ ఉందా, ఎన్నేళ్లు, అందుకు పాఠం చెప్పాలా ల్యాబులో పని చేయాలా అన్నది రాసిస్తాయి. ఫండింగ్ ఉన్న ఆఫర్లకు జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువు ఇవ్వాలని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒక మాట మీద ఉన్నాయి. అలా రాసిచ్చినవే 2025లో తలకిందులయ్యాయి. అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులు అటూ ఇటూ కావడంతో మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ తాను ఇచ్చిన బయోమెడికల్ పీహెచ్‌డీ ఆఫర్లను వెనక్కి తీసుకుంది. మరి రాతకు విలువేముంది అని అడగవచ్చు. విలువ అక్కడే ఉంది. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటే తీసుకున్నారని లోకానికి తెలిసింది, వార్త అయింది, సంస్థ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర వెనక్కి తీసుకోవడానికి ముందు ఇచ్చిందేమీ ఉండదు, కాబట్టి మాట తప్పినట్టు రుజువు కూడా ఉండదు. నేను అడిగేది హామీ పత్రం కాదు, ఉన్నదున్నట్టు చెప్పే కాగితం. 'మీకు ఫెలోషిప్ లేదు, మొదటి ఏడాది హాస్టల్ లేదు' అని రాసిచ్చినా అది ఈరోజు ఇస్తున్నదానికంటే మేలు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. డబ్బు, మంచం ఉన్నంతమందినే తీసుకోవాలంటే సీట్లు తగ్గుతాయి, ముందు నష్టపోయేది ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్నవాళ్లు అంటారు. ఇది నేను తేలిగ్గా తీసేయగల మాట కాదు. సీట్లు కొంత తగ్గవచ్చు కూడా. అయితే ఇప్పుడు సీట్లు ఎలా లెక్కిస్తున్నారో చూడండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ కింద ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద నలుగురు పీహెచ్‌డీ చేయవచ్చు. ఖాళీలంటే గైడ్ల దగ్గర ఖాళీలు. మంచాలు ఆ లెక్కలో లేవు, డబ్బు లేదు. కనుక వడపోత లేదని కాదు, అది చేరిన తర్వాత జరుగుతోంది. కోర్స్‌వర్క్ అయ్యాక ఒకరు ప్రైవేటు కాలేజీలో పాఠాలకు వెళతారు, ఇంకొకరు కోచింగ్ సెంటర్‌లో చేరతారు, రిజిస్టర్‌లో మాత్రం ఫుల్‌టైమ్. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి 2022 నిబంధనలు ఒప్పుకుంటున్నా, ఉన్న ఉద్యోగం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోగలవారికే ఆ దారి. నిబంధన ఆరేళ్ల గడువిస్తుంది, ఫెలోషిప్ ఉన్నవారికి కూడా అది ఐదేళ్లకే ముగుస్తుంది. ఆరో ఏట మంచం కూడా పోతే థీసిస్ ఎక్కడ కూర్చుని రాయాలి? మొదటి తరం విద్యార్థి మీద ప్రేమ ఉంటే సీటుతోపాటు మంచం లెక్క అడగాలి గానీ, మంచం లేని సీట్లను చూపి మురిసిపోకూడదు.

పరిశోధన తపస్సు, సౌకర్యాలు చూసుకుని చేసేది కాదు అనేవారూ ఉన్నారు. తపస్సు చేసుకునేవారిని ఎవరూ నెలాఖరుకు అద్దె అడగలేదు. ఈ అభ్యంతరానికి ఇంతకంటే చోటు అనవసరం.

విశ్వవిద్యాలయాలు మారేదాకా నిర్ణయం స్కాలర్ మీదే ఉంటుంది. ఆ నిర్ణయానికి ప్రాస్పెక్టస్ కంటే, ప్రొఫెసర్ కంటే, పోయినేడు అదే డిపార్ట్‌మెంట్‌లో చేరిన జూనియర్ స్కాలర్ ఎక్కువ పనికొస్తాడు. మొదటి ఫెలోషిప్ ఏ నెలలో పడింది, అంతదాకా ఎవరి దగ్గర అప్పు చేశావు, హాస్టల్ వచ్చేదాకా ఎవరి గదిలో ఉన్నావు అని అడగాలి. జవాబులు నచ్చకపోతే ఒక ఏడాది ఆగడం తప్పేమీ కాదని నేను చెప్పగలను, కానీ ఆ సలహా అందరికీ ఒకేలా పనిచేయదు. జేఆర్‌ఎఫ్ అవార్డు లెటర్ మూడేళ్లు చెల్లుతుంది. నెట్‌లో పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత తెచ్చుకున్నవారి స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. డబ్బు చేతిలో ఉన్నవారు మంచి హాస్టల్, మంచి గైడ్ దొరికేదాకా మూడేళ్లు చూడవచ్చు. డబ్బూ మంచమూ రెండూ తేలనివారు మాత్రం ఈ ఏడాదే, ఫీజు గడువు లోపలే తేల్చుకోవాలి.