వండేది అమ్మ, ఎంచేది మనమా?

మొదటి బోనస్ పడింది. ఇంట్లో స్టవ్ నేను ఐదో క్లాసులో ఉన్నప్పటిది. ఇంకేం, రాత్రి పదకొండింటికి ఫోన్ తీసి నాలుగు బర్నర్ల గ్లాస్ టాప్ ఒకటి కార్ట్‌లో వేసేశా. పొద్దున్నే ఫొటో చూపిస్తే అమ్మ అడిగింది ఒక్కటే... ‘‘పెద్ద కుక్కరూ, దోసె పెనమూ దీనిమీద పక్కపక్కన పడతాయా?’’

టేపు పెట్టి కొలిచా. పట్టవు! పైగా వెనక బర్నర్ మీద పాలగిన్నె దించాలంటే ముందు మంట మీదుగా చెయ్యి చాచాలి. అమ్మకి ఏడాదిగా భుజం నొప్పి. ఆఫర్ ఎంతుందో చూసిన నాకు ఆ సంగతి గుర్తే రాలేదు.

పోనీ ఇండక్షన్? అడుగు చదునుగా ఉండి, అయస్కాంతం అంటుకునే గిన్నెలే దానికి పనికొస్తాయి. ఫ్రిజ్ మీది మాగ్నెట్ పట్టుకుని వంటింట్లో తిరిగా. అల్యూమినియం ఇడ్లీపాత్ర, ఇత్తడి గిన్నె రెండూ ఫెయిల్. వంకాయ కాల్చి పచ్చడి చెయ్యాలన్నా మంట కావాల్సిందే. సిలిండర్ అయిపోయినప్పుడు ఆదుకోడానికి ఇండక్షన్ మంచిదే. మా ఇంట్లో మెయిన్ పొయ్యి మాత్రం కాలేదు.

ఆదివారం అమ్మని షాపుకి తీసుకెళ్లా. నేను చూసినవి: ఐఎస్ఐ మార్కు ఉందా, స్టార్ రేటింగ్ ఎంత? ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం గ్యాస్ స్టవ్ మంట వేడిలో కనీసం 68 శాతం గిన్నెకి చేరాలి. స్టార్లు పెరిగితే గ్యాస్ ఆదా. అమ్మ చూసినవి వేరు. టీ గిన్నె పెడితే స్టాండు మీద ఒరుగుతుందా? నాబ్ తడిచేత్తో తిరుగుతుందా? పప్పు పొంగితే కిందదాకా తుడవొచ్చా? ఇవేవీ రివ్యూల్లో నాకు కనిపించలేదు.

చివరికి తీసుకున్నది స్టీలుది, మూడు బర్నర్లు, మధ్యలో బోలెడు ఎడం. నేను చూసినదానికంటే చవక కూడా. మిగిలిన డబ్బుతో గ్యాస్ పైపు మార్పించాం. నారింజ రంగు సురక్షా పైపునైనా ఐదేళ్లకోసారి మార్చాలి. మాది ఎప్పటిదో ఎవరికీ తెలీదు! అన్నట్టు, మంట నీలంగా ఉండాలి. పసుపుగా వచ్చి గిన్నెలకి మసి పడుతుంటే బర్నర్ శుభ్రం చేయించాల్సిందే.

ఆటోలో వస్తూ అమ్మ అంది... ‘‘మొదటి స్టవ్ పుట్టింటివాళ్లు పెట్టారు. రెండోది మీ నాన్న తెచ్చారు. నేను చూసి కొనుక్కున్నది ఇదే.’’

ముప్ఫై ఏళ్లుగా ఆ పొయ్యి ముందు నిలబడ్డ మనిషి మాట అది. నాకేం చెప్పాలో తోచలేదు.

మీ ఇంట్లో వండేది నాన్న కావచ్చు, అక్క కావచ్చు, వంటమనిషి కావచ్చు. స్టవ్ బుక్ చేసేముందు ఫోన్ వాళ్ల చేతికివ్వండి. డబ్బు మీరు కట్టండి, ఎంపిక వాళ్లకి వదిలేయండి.