ఎండ తీసుకుపోయేది నీటినే

విద్యార్థులారా! కొండవీడు కోటకో, కోటప్పకొండకో విహారయాత్ర బయలుదేరేటప్పుడు తినడానికి తీపి ఏం తీసుకువెళతారు? అరటిపళ్ళు సంచిలో నలిగిపోతాయి. జామపళ్ళు బరువు. నన్నడిగితే రేగి వడియాలు తీసుకువెళ్ళండి అంటాను. అయితే వాటిని ఎక్కడ, ఎలా ఎండబెట్టారో తెలుసుకున్నాకే తీసుకువెళ్ళండి అని కూడా అంటాను.

ముందు బరువు సంగతి చూద్దాం. పండిన రేగిపండు గుజ్జులో సుమారు 80 శాతం నీరే. అంటే ఒక కిలో గుజ్జులో 800 గ్రాములు నీరు, 200 గ్రాములు ఘనపదార్థం. ఎండిన తర్వాత 20 శాతం తేమ మిగిలిందనుకుంటే మొత్తం బరువు 250 గ్రాములకు దిగుతుంది. ముప్పావు కిలో బరువు గాలిలో కలిసిపోయిందన్నమాట! మన కల్లాల్లో పండు మిరపకాయలు ఎండి తేలికవడం కూడా ఇలాగే జరుగుతుంది.

ఎండిన వడియం త్వరగా ఎందుకు చెడిపోదు? బూజు పెరగాలంటే నీరు కావాలి. చాలా నీరు ఎండకు ఆవిరవుతుంది. మిగిలిన నీటిని బెల్లంలోని చక్కెర, ఉప్పు పట్టి ఉంచుతాయి. బూజుకు అందే నీరు ఇక చాలా తక్కువ.

ఇక అసలు విషయానికి వద్దాం. "ఎండ తగిలితే అన్నీ శుభ్రపడతాయి" అని చాలామంది అంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. ఎండ ముఖ్యంగా తీసుకుపోయేది నీటినే. ఉన్న సి విటమిన్‌లో కొంత నశిస్తుంది కూడా. తీపి, పులుపు దగ్గరపడి రుచి చిక్కనవుతుంది. కాని దుమ్ము అక్కడే మిగిలిపోతుంది, పురుగుమందు అవశేషాలు కూడా కొంత మిగిలిపోవచ్చు. కిలో పండ్లమీద పడినదానిలో అలా మిగిలినది పావుకిలో వడియాల్లోకి చేరుతుంది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తికీ, మిరపకూ మందులు ఎన్నిసార్లు కొడతారో మీకు తెలియనిది కాదు. చేనిగట్టు మీది రేగిచెట్టుకు ఎవరూ మందు కొట్టరు. కాని గాలికి ఆ తుంపర దానిమీదా పడుతుంది. అందుకే మందు కొట్టే చేలకు దూరంగా ఉన్న చెట్ల పండ్లే ఏరుకోండి. మిరపకాయలు ఆరబోసిన పట్టాలమీద వడియాలు పెట్టకండి.

తేమతో వచ్చే ప్రమాదం మరొకటి ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు చనిపోయాయి. కారణం వెదికితే వాటి దాణాలోని వేరుసెనగ పిండిలో బూజు తయారుచేసిన విషం బయటపడింది. అదే అఫ్లాటాక్సిన్. సరిగా ఆరని మిరపకాయల్లోనూ అది చేరవచ్చు. వండినంత మాత్రాన పోదు. కాబట్టి బూజు కనిపించిన వడియాన్ని, బూజు గీకేసి తినడం తెలివైన పని కాదు. పారేయండి.

ఇప్పుడు తయారీ చూద్దాం. సంక్రాంతి రోజుల్లో పండిన రేగిపండ్లు ఏరి, బాగా కడిగి, తడి ఆరనివ్వండి. గింజలు తీసేస్తే బరువు ఇంకా తగ్గుతుంది. గుజ్జును బెల్లం, కొద్దిగా ఉప్పు, జీలకర్ర, ఒకటి రెండు పచ్చిమిరపకాయలతో రోట్లో దంచండి. పలచని బిళ్ళలుగా చేసి, మంచం మీద ఉతికిన గుడ్డ పరిచి పెట్టండి. పైన పలచని గుడ్డ కప్పితే ఈగలు వాలవు. మంచం కింద నుంచి కూడా గాలి ఆడుతుంది కనుక రెండువైపులా ఆరుతాయి. పొద్దువాలగానే లోపల పెట్టండి. లేకపోతే పగలు పోయిన తేమను రాత్రి మంచు తిరిగి తెచ్చిపెడుతుంది. రోజూ తిరగవేస్తూ, విరిచినా లోపల తడి తగలనంత వరకు ఎండబెట్టి, తడిలేని డబ్బాలో మూతపెట్టండి.

యాత్రకు వెళ్ళేటప్పుడు మంచినీళ్ళ సీసా మాత్రం మరువకండి. పండునుంచి తీసేసిన నీరు మీ ఒంటికి కావాలి కదా!

ఈ ఏడు మీ తరగతిలో ఒక పని చేయండి. ఎండబెట్టకముందు ఒకసారి, తర్వాత రోజుకొకసారి వడియాలను తూచి, బరువులు నోటుపుస్తకంలో రాయండి. బరువు తగ్గడం ఆగిన రోజు ఏమిటో మీ అమ్మమ్మను అడగండి. ఆమె తూచకుండానే, వడియాన్ని విరిచి చూసి చెబుతుంది. ఇద్దరి లెక్కా కలుస్తుందో లేదో చూడండి.