భాషా రాదు, పనీ రాదు. మరి ఎందుకెళ్తున్నట్టు?

ఈ సమ్మర్‌లో ఆరు వారాలు నేపాల్ వెళ్తున్నాను, వాలంటీర్‌గా. నాకు ఇదే మొదటి విదేశం. మనకి అక్కడికి వీసా కూడా అక్కర్లేదు. అందుకే ప్రిపరేషన్ అంటే స్వెటర్, షూస్, పవర్ బ్యాంక్ కొనుక్కోవడమే అనుకున్నాను. ఒక అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాలి, అంతే కదా!

అనకాపల్లి వెళ్ళి ఈ సంగతి చెప్తే మా అమ్మమ్మ అడిగింది: "ఏటే, ఆళ్ళ బాస నీకొచ్చా?"

రాదు. ఒకటో క్లాసులో టీచర్ ఇంగ్లిష్‌లో ఏం చెప్తోందో తెలీక బిక్కమొహం వేసుకుని కూర్చున్నది నేనే. ఇప్పుడు ఇంకో పిల్లని అలా కూర్చోబెట్టడానికి, నాన్న డబ్బులతో వెళ్తున్నానన్నమాట.

తర్వాత కొంచెం చదివాను. నేపాల్ ఆశ్రమాల్లో ఉన్న చాలామంది పిల్లలకి అమ్మానాన్నలు బతికే ఉన్నారని యూనిసెఫ్ లాంటి సంస్థలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. విదేశీయులు తెచ్చే డబ్బు కోసం పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చిపెట్టే చోట్లు కూడా ఉన్నాయట. మనం వెళ్తాం, ఆడిస్తాం, సెల్ఫీ దిగి వచ్చేస్తాం. అలవాటైన అక్క ఏమైందో ఆ పిల్లలకి ఎవరు చెప్తారు?

"అయినా ఎక్స్‌పోజర్ వస్తుంది కదా" అంది నా రూమ్మేట్. వస్తుంది, మనకి. అప్పుడు దాన్ని టూర్ అనాలి, సేవ అనకూడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంట్ లేదు. పక్క రాష్ట్రాల నుంచి కూడా కరెంటోళ్ళు వచ్చారు. వాళ్ళలో కొందరికి తెలుగు రాదు. కానీ స్తంభం ఎక్కడం వచ్చు. అందుకే మన ఇళ్ళల్లో లైట్లు వెలిగాయి. భాష రాకపోతే కనీసం పని రావాలి. నాకు రెండూ లేవు.

అందుకే ప్రాజెక్ట్ మార్పించుకున్నాను. ఒక స్కూల్లో పాత కంప్యూటర్లకి లినక్స్ వేసి, అక్కడి సార్‌కి నేర్పించి రావాలి. నేను వచ్చేశాక కూడా ఆ సార్ అక్కడే ఉంటారు. సీఎస్‌ఈ సెకండియర్ అయినా ఇప్పటిదాకా ఒక్క సీపీయూ విప్పింది లేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం మన ల్యాబ్ అసిస్టెంట్ గారి దగ్గర విప్పి బిగిస్తున్నాను. రాత్రి ఓ గంట నేపాలీ.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి. కానీ బ్యాగ్ సర్దేముందు అమ్మమ్మ ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. స్వెటర్ ఆఖర్న కొనుక్కోవచ్చు.