సంక్రాంతి గృహశుద్ధి: అతిథికి ముందు ఎవరు?

ధనుర్మాసం ప్రవేశించగానే తెలుగు లోగిళ్లలో రెండు సన్నాహాలు ఏకకాలంలో ఆరంభమవుతాయి. ఒకటి చలికి, రెండవది చుట్టాలకు. డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించినది మొదలు జనవరి 14 లేక 15న మకర సంక్రమణం జరిగేవరకు ఇంటింటా ఇదే సందడి. అటకమీది కంబళ్లు, బొంతలు ఎండకు దిగుతాయి. మూలల బూజు దులుపుతారు. గోడలకు వెల్ల వేస్తారు. వాకిట కళ్లాపి చల్లి ముగ్గులు తీర్చుతారు. అరిసెల పాకం పరిమళం వీధి మలుపు దాకా వ్యాపిస్తుంది. దూరదేశాల నుంచి కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, మనుమలు వస్తున్నారన్న ఆనందమే ఈ శ్రమకంతటికీ ప్రేరకం.

ఈ సన్నాహంలో దోషమేమీ లేదు. శౌచం ధర్మలక్షణాలలో ఒకటి. బంధుప్రీతి గృహస్థాశ్రమానికి అలంకారం. అయితే ఈ శుద్ధి ఎవరి కోసం, ఏ క్రమంలో జరగాలన్న విచారణ లోపిస్తే యజ్ఞం కావలసినది ప్రదర్శనగా పరిణమిస్తుంది. ఆ విచారణ నేడు ఎంతైనా అవసరం.

మనుస్మృతి తృతీయాధ్యాయం గృహస్థునికి పంచసూనలను, అనగా ఐదు హింసాస్థానాలను, పేర్కొన్నది. పొయ్యి, నూరుడురాయి, చీపురు, రోలు రోకలి, నీటికుండ. ఈ ఐదింటి వల్ల కంటికి కనిపించని సూక్ష్మజీవులు నిత్యం నశిస్తూనే ఉంటాయి. అది తప్పించుకోలేని హింస. దానికి నిష్కృతిగా విహితమైనవే పంచ మహాయజ్ఞాలు: బ్రహ్మయజ్ఞం, పితృయజ్ఞం, దేవయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం. వీటిలో చివరిది అతిథిపూజ.

ఈ జాబితాలో చీపురు ఉండటం ఆలోచింపదగిన విషయం. ఇంటిని శుభ్రపరచే సాధనమే గృహస్థునికి దోషహేతువైనది. ఆ దోషాన్ని పరిహరించేవాడు అతిథి. అనగా, అతిథి వస్తాడని ఇల్లు శుద్ధమవుతున్నదని లోకం భావిస్తుంది. అతిథి రావటం వల్ల ఇల్లు శుద్ధమవుతున్నదని శాస్త్రం బోధిస్తున్నది. పొయ్యి ఆరకుండా, రోకలి ఆగకుండా పనిచేసే పండుగ మాసంలో ఈ నిష్కృతి మరింత ఆవశ్యకం.

పెద్దలు తీర్చిదిద్దిన సంక్రాంతి ఆచారాలలో ఈ ఐదు యజ్ఞాలూ ఇమిడి ఉన్నాయి. మాసమంతా సాగే తిరుప్పావై పారాయణం బ్రహ్మయజ్ఞ స్వరూపం. ప్రాతఃకాల దేవతార్చన దేవయజ్ఞం. ఉత్తరాయణ పుణ్యకాలంలో విడిచే తిలతర్పణం పితృయజ్ఞం. చీమలకు ఆహారమయ్యే బియ్యపుపిండి ముగ్గు, కనుమనాటి పశుపూజ భూతయజ్ఞం. ఇక మిగిలినది మనుష్యయజ్ఞం. పొరపాటు ప్రధానంగా జరుగుతున్నది ఇక్కడే.

పండుగ చుట్టాలు దిగగానే అనేక గృహాలలో మొదట స్థానభ్రంశం పొందేది వృద్ధురాలైన తల్లి మంచం. గాలి చొరబడని లోపలి గది అల్లునికో, విదేశం నుంచి వచ్చిన కుమారుని కుటుంబానికో కేటాయింపబడుతుంది. ముసలమ్మ మంచం వసారాలోకి చేరుతుంది. "ఆమెకు అలవాటేలే, నాలుగు రోజులేగా" అన్న మాట వినిపిస్తుంది. ఆమె కూడా కాదనదు. పిల్లలు సుఖంగా ఉంటే చాలునంటుంది. ఆ మౌనాన్ని అంగీకారంగా స్వీకరించటం ధర్మమేనా?

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, అధ్యయనం ముగించి గృహోన్ముఖుడైన శిష్యునికి ఆచార్యుడు చేసిన అనుశాసనం లోకప్రసిద్ధం. అతిథిని దైవంగా భావింపుమన్న ఉపదేశం అందులోనిదే. కాని ఆ వరుసలో అతిథి నాల్గవవాడు. మొదట తల్లి, పిమ్మట తండ్రి, ఆ తరువాత ఆచార్యుడు, అటుపైన అతిథి. మనుస్మృతి సైతం భోజన విషయంలో నవోఢలను, కన్యలను, రోగులను, గర్భిణులను అతిథులకంటె ముందే, సంకోచం లేకుండా, భుజింపజేయుమని విధించింది. దుర్బలుల రక్షణ తరువాతనే అతిథిసత్కారమని దీని తాత్పర్యం. భోజనానికి వర్తించే న్యాయం చలికాలపు శయ్యకు వర్తించదా?

ఈ క్రమానికి లౌకిక కారణమూ స్పష్టమే. వార్ధక్యంలో దేహం తన ఉష్ణాన్ని తాను నిలుపుకొనే శక్తి క్షీణిస్తుంది. చలికి రక్తనాళాలు సంకోచించి రక్తపోటు పెరుగుతుంది. ఉబ్బసం గలవారికి మంచుగాలి మరింత క్లేశకరం. అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతాల చలిని చెప్పనే అక్కరలేదు; మైదాన గ్రామాలలో సైతం ధనుర్మాసపు తెల్లవారుజాము వృద్ధులకు పరీక్షయే. వెచ్చదనం కోసం తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టటం మరొక ప్రమాదం. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. గాలి ఆడని స్నానాలగదిలోని గ్యాస్ గీజర్‌కూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. కనుక ఇంటిలో వెచ్చని గది, మందపు కంబళి, తడి లేని స్నానాలగది నేల, రాత్రివేళ దారి చూపే చిన్న దీపం మొదట వృద్ధులకు సమకూర్చి, మిగిలిన దానిని చుట్టాలకు పంచటమే న్యాయం.

"అతిథి దైవసముడు కదా, ఆయనకు ఉత్తమమైనది ఇవ్వవద్దా?" అని కొందరు ప్రశ్నింపవచ్చు. దీనికి రెండు సమాధానాలు. మొదటిది: సత్పురుషుల గృహంలో ఎన్నటికీ లోపించనివి నాలుగేనని మనువు చెప్పాడు. కూర్చొనటానికి తృణాసనం, విశ్రమించటానికి చోటు, దాహానికి నీరు, ప్రియమైన మాట. అతిథిసత్కారానికి ఐశ్వర్యం అవసరం లేదని దీని భావం. రెండవది: స్థిరంగా ఉండక ఒక్క రాత్రి నివసించి వెళ్లేవాడే అతిథి అని మనువు నిర్వచించాడు. తిథి నియమం లేక వచ్చేవాడని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. రెండు నెలల ముందే రైలు టికెట్టు తీసుకొని, రాకపోకల తేదీలు తెలిపి వచ్చే కుమారుడు అతిథి కాడు. ఆ ఇంటి బిడ్డ. అతనికి వర్తించేది తల్లిని దైవంగా చూడుమన్న ప్రథమోపదేశం. తల్లి మంచం వసారాలో చూచిన క్షణమే దానిని లోపలికి చేర్చి, తాను వసారాలో పడుకొనటం అతని ధర్మం.

మరి నిజమైన అతిథి ఎవరు? తెల్లవారుజామున అక్షయపాత్ర శిరస్సున ధరించి వచ్చే హరిదాసు. గంగిరెద్దుతో వాకిట నిలిచేవాడు. అపార్ట్‌మెంటు మెట్లకింద గోనెపట్టా మీద రాత్రి గడిపే కాపలాదారు. మంచులో నడచివచ్చి అంట్లు తోమే పనిమనిషి. వసతి కోరి వచ్చిన ఎవరినీ నిరాకరించరాదన్నది తైత్తిరీయ భృగువల్లి విధించిన వ్రతం. యమధర్మరాజు ఇంట నచికేతుడు మూడు రాత్రులు నిరాహారుడై నిరీక్షించగా, ధర్మస్వరూపుడైన యముడే ఆ దోషానికి కలతచెంది, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. మృత్యుదేవతకే తప్పని బాధ్యత సామాన్య గృహస్థునికి తప్పుతుందా?

ఆ కఠోపనిషత్తే మరొక పాఠం కూడా చెబుతున్నది. నచికేతునిలో శ్రద్ధ మేల్కొన్నది తండ్రి ఇస్తున్న దానాన్ని చూచినప్పుడు. ఇక నీరు త్రాగలేని, గడ్డి మేయలేని, పాలు ఇవ్వలేని గోవులను ఆ తండ్రి దక్షిణగా పంపుతున్నాడు. అటువంటి దానం ఆనందరహిత లోకాలకే దారితీస్తుందని ఆ బాలుడు గ్రహించాడు. సంక్రాంతికి కంబళదానం విశేష పుణ్యప్రదమంటారు. చుట్టాలకు కొత్త రజాయిలు కొని, చిరిగి దూది రాలిన బొంతను కాపలాదారుకు ఇచ్చి దానమని తలచేవారు ఆ వట్టిపోయిన గోవులను స్మరించటం మంచిది.

ఇంకొక విషయం. అతిథులు, ఆశ్రితులు భుజించిన తరువాత మిగిలినది దంపతులు భుజింపవలెనని మనువు చెప్పాడు. ఆశ్రితులలో పనిమనిషి ఉన్నది. దంపతులనగా ఇరువురు. నేడు పంచసూనలన్నీ ఇల్లాలి చేతిమీదుగానే నడుస్తున్నవి. అన్నం చివరకు తినేదీ ఆమె ఒక్కతే. గృహస్థుడు మాత్రం మొదటి బంతిలో చుట్టాల సరసన కూర్చుని అతిథిసత్కార కీర్తిని స్వీకరిస్తున్నాడు. యజ్ఞానికి యజమాని తానేనని భావించే పురుషుడు బూజుకర్ర పట్టాలి, బొంతలు ఎండలో వేయాలి, నీళ్లు కాచి పోయాలి, చివరి బంతిలో భార్యతో కలిసి కూర్చోవాలి. సహధర్మచారిణి అన్న పదానికి అప్పుడే సార్థక్యం.

ఈ సంవత్సరం గోడలకు రంగు వేయటం కుదరకపోయినా లోపం లేదు. అరిసెలు రెండు తక్కువైనా చుట్టాలు నొచ్చుకోరు. భోగినాటి వేకువలో మంట వెలిగినప్పుడు దానికి సమీపంగా, కొత్త కంబళి కప్పుకొని, ఆ ఇంటి ముసలితల్లి కుర్చీలో కూర్చొని ఉన్నదా? హరిదాసు పాత్రలో బియ్యం పోయటానికి మనుమడు వాకిట నిలిచి ఉన్నాడా? ఈ రెండూ ఉంటే అతిథి కోసం ఆ ఇల్లు సిద్ధమైనట్లే.

స్వస్తి.