ఒకే గడపలో నక్షత్రమును గొబ్బెమ్మయు

ధనుర్మాసము డిసెంబరు నడుమ ప్రవేశించి భోగితో ముగియును. క్రిస్మసు ఈ మాసములోనే వచ్చును. పట్టణములలో స్థిరపడిన మన తెలుగువారి యిండ్లలో కొన్నింట, ఈ దినములలో వాకిట ముగ్గును, చూరునుండి వ్రేలాడు కాగితపు నక్షత్రమును కలిసి కానవచ్చును. ఆ యింటి కోడలో, అల్లుడో క్రైస్తవ కుటుంబమునుండి వచ్చియుందురు. మూడు తరములనుండి బెంగుళూరులో నివసించుచున్న మా యిల్లును అట్టిదే.

ఈ రెండును ఒక గడపలో నుండరాదని ఇరువైపుల పెద్దలును మాకు బోధించుచున్నారు. ఆచారము సంకరమైనదని ఒకరందురు. అన్యాచారము విశ్వాసమును చెఱచునని వేఱొకరందురు. తక్కిన ఏ విషయమునను ఏకీభవింపని ఈ రెండు పక్షములును ఈ యొక్కదానిలో ఏకమగుట విచిత్రము! వారి వాదమును మేము గౌరవముతోనే త్రోసిపుచ్చుచున్నాము. కారణములను మనవి చేసెదము.

మొదట క్రైస్తవ సోదరులతో మాటాడుదము. మీ పండుగ ఎన్నడు అన్యస్పర్శ లేకుండ నుండెను? డిసెంబరు 25న క్రీస్తు జన్మదినమును జరుపుటకు దొరకు తొలి యాధారము 336వ సంవత్సరపు రోము నగరమునకు సంబంధించినది. ఆనాటి రోమనుల పంచాంగ సంప్రదాయమున ఉత్తరాయణారంభ దినమును అదియే. అందుకొఱకే ఆ తేదీని ఎన్నుకొనిరా యను విషయమున పండితులు నేటికిని వాదించుచున్నారు. మేము దానిపై ఆధారపడము. తరువాతి చరిత్ర చాలును. 601లో పోపు గ్రెగరీ, ఇంగ్లండునందలి మత ప్రచారమునకై బయలుదేఱిన మెల్లిటసునకు లేఖ వ్రాయుచు, అచ్చటి పూర్వదేవతల ఆలయములను కూల్చవలదనియు, విగ్రహములను తొలగించి వానినే దేవుని మందిరములుగ చేయుమనియు, బలుల విందులను క్రైస్తవోత్సవముల విందులుగ మార్చుమనియు ఆదేశించెను. ఉత్తర ఐరోపావారు క్రైస్తవమునకు పూర్వము జరుపుకొనిన చలికాలపు ఉత్సవము పేరే స్వీడను, నార్వే, డెన్మార్కు దేశములలో నేటికిని క్రిస్మసునకు పేరు. అంతయు శుద్ధి చేయబూనిన ప్యూరిటనులు 1659లో మసాచుసెట్సునందు క్రిస్మసు జరుపువారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో ఆ శాసనము రద్దయ్యెను. జుల్మానా పోయినది, పండుగ నిలిచినది.

ఇక మన హిందూ పెద్దలతో. గొబ్బెమ్మ తలపై మీరు నిలుపు బంతిపూవు ఎచ్చటిది? అది అమెరికా ఖండపు మొక్క. ఐరోపావారి ఓడల రాకతో మన దేశమునకు చేరినది. ఆ పూవు లేని సంక్రాంతి వాకిలిని నేడు మన నాయనమ్మలు ఊహింపగలరా? కర్ణాటకమున నున్న మనవారు ఇరుగుపొరుగు కన్నడిగులతో పాటు ఎళ్ళుబెల్లము పంచుకొందురు. మహారాష్ట్రమున నున్నవారు తిలగూళము ఇత్తురు. వీనివలన ఎవరి ఆచారమును చెడలేదు. ఆ ఎళ్ళుబెల్లములోని వేరుసెనగయు అమెరికానుండి వచ్చినదే! పొరుగింటి నువ్వులను, సముద్రముల కావలి పూవును స్వీకరించిన గడప, సొంత కోడలి నక్షత్రమునకు మైలపడునా?

మఱియొక మాట. సూర్యుడు నిజముగ ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలో జరుగును. మన మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చును. అయనచలనము వలన ఏర్పడిన యెడమిది. సుమారు 1,700 ఏండ్ల క్రిందట మన సంక్రాంతియు అయనదినముననే వచ్చుచుండెను. రోములో క్రిస్మసు జరుపుట తొలిసారి నమోదైనదియు ఇంచుమించుగ ఆ కాలముననే. ఒకే సూర్యుని మలుపున నిలిచిన రెండు పండుగలు ఒకే వాకిట నిలువరాదా?

ఈ వాదమంతయు పాండిత్య ప్రదర్శనమునకు కాదు. ఒక సంవత్సరము భోగినాడు నాలుగేండ్ల మా మనుమరాలికి భోగిపళ్ళు పోయబోవుచుండగా, బంధువులలో ఒకరు "ఈ పిల్ల మనదేనా?" యని యడిగిరి. అంతకు మూడు వారముల ముందు క్రిస్మసు విందులో వేఱొకరు అదే ప్రశ్న యడిగియుండిరి. బిడ్డ రెండు మాఱులును వినినది. మఱుసటి యేడు, తనకు ఏ పండుగయు వద్దనినది. ఆ మాటను ఇంగ్లీషులో అనినది.

రాష్ట్రము వెలుపల నున్న మనకు వీధిలో తెలుగు లేదు. బడిలో నుండుట అరుదు. వంటింటను, పండుగలలోను మిగిలియున్నది. గొబ్బిపాట తెలుగు. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలగువారు రాగతాళములతో రచించిన క్రైస్తవ కీర్తనలును తెలుగే. ఏదో యొక దానిని విడువుమని మీరు బిడ్డను నిర్బంధించితిరా, బిడ్డ రెంటిని విడుచును. వానితో పాటు భాషను విడుచును. అపుడు గెలిచినదెవరు?

అన్నిటిని కలిపి కలగాపులగము చేయుమని మేము చెప్పుట లేదు. విస్తరిలో పాయసమునకు చోటుండును, ఆవకాయకు చోటుండును. రెంటిని కలిపి పిసుకువాడు లేడు. క్రిస్మసు ఉదయమున మా కోడలు చర్చికి పోవును. అత్తగారిని మోకరిల్లుమని కోరదు. సంక్రాంతినాడు మేము సూర్యునకు పొంగలి నివేదింతుము. ఆమెను చేతులు జోడింపుమని కోరము. అరిసెల పాకము మాత్రము అత్తాకోడండ్రిరువురును కలిసియే పట్టుదురు, రెండు పండుగలకును. భక్తి ఎవరిది వారిది, పిండివంట అందఱిది. పూజయు ప్రార్థనయు లేక, బజారులో కొన్న ప్లాస్టికు చెట్టునకు దీపములు చుట్టి దానినే సమన్వయమని పిలుచువారితో మాకు పొత్తు లేదు.

పెద్దలారా! మీరు నక్షత్రమునకు మ్రొక్కనక్కఱలేదు, గొబ్బెమ్మ చుట్టు తిరుగనక్కఱలేదు. వచ్చి, మా యింట అరిసె తిని, బిడ్డను దీవింపుడు. ఆమె ఎవరి పిల్లయని మాత్రము మఱల అడుగవలదు. ఆమె మన పిల్ల.